రాట్నం కింది సగం

మొన్న వేసవి సెలవుల్లో మా కోడలు సౌమ్య నన్ను ఘట్‌కేసర్ దాటాక హైవే పక్కన వెలిసిన ఒక రిసార్టుకి తీసుకెళ్ళింది. తీసుకెళ్ళింది అనేకంటే కలుపుకుంది అంటే సరిగ్గా ఉంటుంది. ముగ్గురికి టిక్కెట్లు కొంటే నాలుగో మనిషి ఉచితమట. మా అబ్బాయి, కోడలు, మనవరాలు మేఘన కలిసి ముగ్గురు. "మీరు రాకపోతే ఆఫర్ వేస్టయిపోతుంది అత్తయ్యా" అంది ఆ పిల్ల ఉన్నమాట దాచకుండా. నాకేం కోపం రాలేదు. బళ్ళో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ఈ వయసులో ఒక లెక్కకి పనికొచ్చాను కదా అని సంతోషించాను. అంతకుముందు వారం రోజులూ ఆ పిల్ల ఫోనుతో ఒకటే కుస్తీ పట్టింది. ఆదివారం కంటే మంగళవారం చవకట, పొద్దున్నే చేరితే టిఫిను అందులోనే వస్తుందట, నీళ్ళలో ఆడుకునే బట్టలు అక్కడ అద్దెకి తీసుకుంటే దండగట. అదంతా చూస్తుంటే నాకు ముచ్చటేసింది. మా ఇంట్లో ఇలాంటి కుస్తీ పట్టిన మనిషి ఇంకొకడుండేవాడు, మా నాన్న.

నా వంతుగా నేను తెల్లవారకముందే లేచి పులిహోర కలిపాను. చెక్కలు ముందు రోజే వేయించి పెట్టాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను సంచి విప్పించి, ముక్కుతో గట్టిగా పీల్చి, "మస్తు వాసనొస్తుంది గని అమ్మా, బయటి తిండి లోపలికి లేదు" అన్నాడు. "ఏం నాయనా, మా పులిహోర లోపలికొస్తే మీ రాట్నాలు తిరగడం మానేస్తాయా?" అన్నాను. సౌమ్య వెనక నుంచి నా చెయ్యి గిల్లింది. పులిహోర డబ్బా వాళ్ళ అలమారాలో పెట్టి తాళం వేశారు. లోపల ఒక ప్లేటు ఇడ్లీ ధర చూశాక, మా కోడలు వారం పట్టిన కుస్తీలో సగం ఓడిపోయిందని నాకర్థమైంది.

ఆ తర్వాత నేను మా మేఘన పరువు తీశాను. అందరం పెద్ద రాట్నం దగ్గర వరసలో నిలబడ్డాం. అది మా ఉప్పల్లో మేముండే అపార్టుమెంటుకంటే ఎత్తుంది. అందరూ తలలు పైకెత్తి చూస్తుంటే నేను మాత్రం కటకటాల మీద వంగి కిందికి చూస్తున్నాను. మీట నొక్కే మనిషిని పిలిచి అడిగాను. "నాయనా, ఇది బెల్టుతో తిరుగుతుందా, గొలుసుతోనా?" అతనికి అర్థం కాలేదు. "ఏంది మేడం?" అన్నాడు. మళ్ళీ అడిగాను. "నానమ్మా, ప్లీజ్" అని మేఘన మొహం దాచుకుంది. అతను నవ్వి, "జర ఉండుండ్రి, ఈ రౌండు అయినంక చెప్త" అన్నాడు. ఉండక ఏం చేస్తాను? ఆ జవాబు కోసం యాభై ఏళ్ళకి పైగా ఉన్నదాన్ని.

నా చిన్నప్పుడు మేముండే నాచారం అప్పటికి హైదరాబాదులో కలవలేదు. మేమూ కలవలేదు. నాన్న లాలాపేట దగ్గర రైలు పెట్టెలు బాగుచేసే కార్ఖానాలో ఫిట్టరు. కృష్ణా జిల్లాలో కాలవ గట్టున పెరిగిన మనిషి, ఉద్యోగం దొరికిందని ఈ బండరాళ్ళ మధ్యకి వచ్చిపడ్డాడు. మాది రెండు గదుల పెంకుటిల్లు, వెనక బావి. పక్క వాటాలో ఇంటావిడ మల్లమ్మ ఉండేది. నాన్న ఆమెను అక్కా అనేవాడు కాబట్టి మాకు అత్త. ఆమె బర్రెల పేడ వాసన, ఉప్పల్ వైపు ద్రాక్షతోటల నుంచి మధ్యాహ్నం గాలికి వచ్చే పులుపు వాసన, సాయంత్రం నాన్న చొక్కా నుంచి గ్రీజు వాసన, ఈ మూడిటితో మాకు పొద్దు తెలిసేది. గడియారం ఉండేది కానీ దాన్ని నాన్న బాగుచేస్తూ ఉండేవాడు, ఎప్పుడూ.

అమ్మ రోజూ పొద్దుగూకే వేళ పొట్టు పొయ్యి దట్టించేది. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు పోసి చేత్తో అదిమి, సీసాని మెల్లిగా తిప్పుతూ పైకి లాగేది. గుంట చెదరకుండా సీసా బయటికొస్తే ఆ మర్నాటి వంట సాఫీగా అయిపోయినట్టే. ఆ సీసా లాగేటప్పుడు అమ్మ ఊపిరి బిగపట్టేది. నాకిప్పుడు అనిపిస్తుంది, ఈ ఊరొచ్చిన నాటి నుంచి అమ్మ అలా ఊపిరి బిగపట్టే బతికిందని. బజారుకి ఒంటరిగా పోయేది కాదు. ఇక్కడి మాట అమ్మకి సగమే అర్థమయ్యేది. ఎవరైనా "ఏందమ్మా" అంటే తిడుతున్నారేమో అనుకునేది. మల్లమ్మత్త ఒక్కతే ధైర్యం. పైగా ఇంట్లో మా నాయనమ్మ. తెల్లటి మనిషి, వేళ్ళ నిండా ముక్కుపొడుం, చెవులు మాత్రం అమోఘం. కోడలు నవ్వితే పక్కింటికి వినపడకూడదని ఆవిడ శాసనం. అమ్మకి నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిపేది. ఆ నవ్వుకి చప్పుడుంటుందని నాకు పదేళ్ళొచ్చేదాకా తెలీదు.

ఇక నాన్నకి ఇక్కడి మాట అర్థం కాకపోవడం మా వాడకట్టులో పెద్ద వినోదం. ఒకసారి మల్లమ్మత్త గోడ మీద నుంచి, "తమ్మీ, రేపు మా ఇంట్ల దావత్ ఉన్నది, అందరు రావాలె" అని పిలిచింది. నాన్న ఆ మాటని దవాఖానా అని విన్నాడు. అయ్యో అక్కకి ఏమైందో అని బ్రెడ్డు, నాలుగు బత్తాయిలు కొనుక్కుని మొహం వేలాడేసుకుని వెళ్ళాడు. అక్కడ మేకని కోసి పండగ చేసుకుంటున్నారు. "ఏం తమ్మీ, నన్ను సూడనీకి వచ్చినవా?" అని ఆమె పడీ పడీ నవ్వింది. ఆ బత్తాయిల కథ ఏళ్ళ తరబడి నడిచింది. ఈ కథ ఎందుకు చెప్తున్నానంటే, మా నాన్న ఒక మాట తప్పు విన్నాడంటే ఎవ్వరికీ అనుమానం రాదని మీకు తెలియాలి.

నాన్నకి చక్రాల పిచ్చి. తిరిగేది ఏది కనిపించినా ఆగిపోయేవాడు. కార్ఖానాలో ఎవరో నుమాయిష్‌కి వెళ్ళొచ్చి, నాంపల్లిలో ఏటా జరిగే ఆ ఎగ్జిబిషన్లో ఈసారి పెద్ద రాట్నం పెట్టారని, మనుషుల్ని పెట్టెల్లో కూర్చోబెట్టి ఆకాశంలోకి తిప్పుతున్నారని చెప్పారట. ఆ రోజు నుంచి నాన్నకి నిద్ర లేదు. వసారాలో, అమ్మ అలికి ముగ్గు వేసుకోవలసిన చోట, సుద్దముక్కతో చక్రం గీసేవాడు. "అంత బరువు, సుబ్బులూ! మధ్య ఇరుసు పట్టుకుని తిప్పాలంటే ఏనుగు బలం కావాలి. అంచు పట్టుకుని తిప్పుతున్నారంటావా? అయితే దేంతో? బెల్టా, గొలుసా?" అని నన్నడిగేవాడు. నాకేం తెలుసు? నాకు పైకెళ్ళి ఊరు చూడాలని మాత్రం ఉండేది. అమ్మ ఆ సుద్దగీతల్ని దాటుకుంటూ, "మీ చక్రం ఆగాక ముగ్గేస్తాను లెండి" అనేది.

అయిదుగురం వెళ్ళాలి. అమ్మ, నాన్న, నాయనమ్మ, నేను, తమ్ముడు రాజు. ఒక ఏడు అనుకున్నాం, సరిగ్గా అప్పుడే రాజుకి తట్టు పోసింది. ఆ డబ్బు మందులకి పోయింది. మళ్ళీ ఏడంతా కూడబెట్టాం. నాన్న క్యాంటీనులో టీ మానేశాడు. సైకిలు టైరు పోతే కొనకుండా రోజూ లాలాపేట దాకా నడిచాడు. నాయనమ్మ ముక్కుపొడుం సగానికి తగ్గించి, ఇంట్లో తుమ్ములు కూడా తగ్గాయని తనే చెప్పుకునేది. మిగిలిన డబ్బులు అమ్మ మెంతుల డబ్బాలో, మెంతుల అడుగున దాచేది. ఎప్పుడైనా తీసి చూస్తే చిల్లరంతా చేదు వాసన. ఈ రోజుకీ మెంతులు వేయిస్తుంటే నాకు ఎక్కడికో ప్రయాణం ఉన్నట్టే అనిపిస్తుంది.

ఇంకో పది రోజుల్లో వెళ్తామనగా రాజు మంచం మీద గెంతి నాయనమ్మ కళ్ళద్దాల మీద పడ్డాడు. రెండు అద్దాలూ ముక్కలు. మెంతుల డబ్బా దిగింది. "వచ్చే ఏడు వెళ్దాం లెండి" అంది అమ్మ. నేను ఊరుకోలేదు, నాకు చిన్నప్పటి నుంచీ నోరెక్కువ. "నాయనమ్మ ఇంట్లో ఉండిపోతే సరిపోతుందిగా, అద్దాలూ అక్కర్లేదు, టిక్కెట్టూ అక్కర్లేదు!" అని అరిచాను. అమ్మ చెంప మీద ఒక్కటిచ్చింది. నాయనమ్మ గుడ్డిగా కళ్ళు చికిలిస్తూ గోడకేసి తిరిగి కూర్చుంది. నాన్న నా పక్కన చతికిలబడి, "అమ్మకి అద్దాలు చేయిద్దాం. నుమాయిష్‌కీ వెళ్దాం. నేను చూస్తా కదా" అన్నాడు. ఏం చూస్తాడో నాకర్థం కాలేదు.

రెండు రోజులు పోయాక కార్ఖానా నుంచి వెలిగిపోతూ వచ్చాడు. దారిలో మల్లమ్మత్తతో గోడ దగ్గర చాలాసేపు మాట్లాడటం నేను చూశాను. లోపలికి వస్తూనే, "దొరికింది! జనాల రోజట. ఆ రోజు మనలాంటి మామూలు జనం వెళ్ళొచ్చు, ఖర్చు తక్కువ. బస్సులకీ తిండికీ మనం జాగ్రత్తపడితే చాలు" అన్నాడు. అమ్మ ఇంకా సందేహంగా చూస్తుంటే, "అక్కే చెప్పింది" అన్నాడు. మల్లమ్మత్త పేరు చెప్తే అమ్మకి ఇక అడగడానికేమీ ఉండదు.

వెళ్ళే రోజు అమ్మ తన ఎర్ర నేతచీర కట్టుకుంది. పులిహోర ఒక గిన్నెలో, చెక్కలు గుడ్డసంచిలో, నీళ్ళు మరచెంబులో. నాయనమ్మ కొత్త అద్దాలు పెట్టుకుని నేల ఎత్తుపల్లంగా కనిపిస్తోందని కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ నడిచింది. తార్నాక దాకా నడక, అక్కడి నుంచి బస్సు. రాజుకి ఏడేళ్ళు. కండక్టరు అడిగితే నాలుగే అని చెప్పమని వారం రోజులు నేర్పాం. ఆ కండక్టరు అసలు వాడి వంక చూడనే లేదు. వాడికి అవమానమైపోయింది. "నాకు నాలుగేళ్ళే, అడగండీ!" అని కండక్టరు చొక్కా పట్టుకుని లాగాడు. ఆయన వాణ్ణి పైనుంచి కింది దాకా చూసి, "మస్తు పెరిగినవ్ బిడ్డా నాలుగేండ్లకే" అని, పోనీలే అన్నట్టు ముందుకెళ్ళిపోయాడు. ఒక స్టేజీ ముందే మొజంజాహీ మార్కెట్ దగ్గర దిగి, మిగిలింది మళ్ళీ నడిచాం. అంత జాగ్రత్తగా మిగిల్చిన డబ్బుని నాన్న జేబులో మాటిమాటికీ తడిమి చూసుకున్నాడు.

గేటు దగ్గర ఖాకీ బట్టల మనిషి నాన్న ఛాతీకి చెయ్యి అడ్డం పెట్టాడు. "సాబ్, మీరు పోవద్దు. ఇయ్యాల జనానా. ఆడోళ్ళు, చిన్న పిల్లలే."

"జనాల రోజని చెప్పారండీ!" అన్నాడు నాన్న.

"జనాల గాదు సాబ్, జనానా! జనానా అంటె ఆడోళ్ళు. మొగోళ్ళకు లేదు."

వెనక వరసలో ఉన్న ఆడవాళ్ళు గొల్లున నవ్వారు. నాన్న నుదురు కొట్టుకున్నాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. బత్తాయిల మనిషి మళ్ళీ బత్తాయిలు తెచ్చాడు అనుకున్నాను. అమ్మ మొహం పాలిపోయింది. "మీరు లేకుండా నేనా? ఈ ఊళ్ళో? నాకు నోరే పెగలదు. పదండి, ఇంటికి పోదాం" అంది. నాయనమ్మ కూడా అందుకుంది. "మగదిక్కు లేకుండా ఎలా వెళ్తామురా?"

"లోపల ఎవరికీ మగదిక్కు లేదమ్మా. అందరూ మీలాగే" అన్నాడు నాన్న. జేబులోంచి చేతిరుమాలు తీసి అమ్మ చేతిలో పెట్టాడు. అందులో డబ్బు ముడి వేసి ఉంది. "నలుగురూ రాట్నం ఎక్కాలి. ఒక్కరు తగ్గినా నేనొప్పుకోను" అన్నాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచి వంగి, నా భుజాలు పట్టుకున్నాడు. "సుబ్బులూ, పైనుంచి ఊరు ఎవరైనా చూస్తారు. నువ్వు కిందికి చూడు. ఇంజను ఎటువైపుందో, చక్రం అంచుని ఏది పట్టి తిప్పుతోందో, బెల్టో గొలుసో, బాగా చూసి నాకు చెప్పాలి. నీదే పూచీ." నేను బుద్ధిమంతురాలిలా తలూపాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగినట్టనిపించింది కానీ దుమ్మేమో అనుకున్నాను.

లోపల చూసిన లోకాన్ని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. బురఖాల ముసుగులు వెనక్కి పడేసుకుని ముసలమ్మలు బజ్జీలు నములుతున్నారు. గాజుల దుకాణం ముందు ఇద్దరు పెళ్ళయినవాళ్ళు చిన్నపిల్లల్లా ఒకర్నొకరు తోసుకుంటున్నారు. ఒకామె చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుతోంది, ఎందుకో ఆమెకే తెలియాలి. ఎవరూ ఎవర్నీ చూసి కొంగు సర్దుకోవడం లేదు. అమ్మ మొదట మా ఇద్దరి చేతులూ నొప్పెట్టేలా పట్టుకుంది. పావుగంట గడిచేసరికి నా చెయ్యి వదిలేసింది. ఇంకాస్సేపటికి ఒక అరబ్బీ అత్తర్ల దుకాణంలో వేలు చాపి, వచ్చీరాని మాటల్లో బేరమాడుతోంది. కొనలేదనుకోండి, ఊరికే వాసన చూపించుకుని వచ్చింది.

రాట్నం ఎక్కేటప్పుడు నాయనమ్మ, "నేను కిందే ఉంటాలే, ఆ టిక్కెట్టు డబ్బులు మిగుల్తాయి" అంది. "ఆయన ఒక్కరు తగ్గినా ఒప్పుకోనన్నారు" అని అమ్మ ఆవిడ రెక్క పట్టుకుని పెట్టెలోకి ఎక్కించింది. అత్తగారి రెక్క పట్టుకోవడం! నేనూ రాజూ ఒక పక్క, వాళ్ళిద్దరూ ఎదురుగా. చక్రం కదిలింది. పైకి లేచి, శిఖరం దాటి ఒక్కసారిగా కిందికి జారేసరికి అమ్మ నోట్లోంచి కేక వచ్చింది. భయమనుకున్నాను. రెండోసారి జారినప్పుడు అది నవ్వని తెలిసింది. కొంగుతో నోరు మూసుకుందామంటే రెండు చేతులూ ఇనపకడ్డీని పట్టుకుని ఉన్నాయి. చెయ్యి వదిలితే పడిపోతానని భయం, వదలకపోతే నవ్వు బయటపడిపోతోంది. అలా నోరంతా తెరిచి, మెడ నరాలు తేలేలా, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది మా అమ్మ. అమ్మకి పక్కపన్ను ఒకటి వంకరగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. నాయనమ్మ ఏమంటుందో అని చూశాను. ఆవిడ కొత్త అద్దాలు పడిపోకుండా చేత్తో నొక్కిపట్టుకుని, "అమ్మో అమ్మో, అదిగో గోలుకొండ కాబోలే!" అని కోడలికి చూపిస్తోంది. నేను ఊరు చూడలేదు. గోలుకొండా చూడలేదు. దిగేదాకా అమ్మ నోటినే చూస్తూ కూర్చున్నాను.

నాన్న మాట గేటు బయటికి వచ్చాక గుర్తొచ్చింది. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు, మోకాళ్ళ దాకా దుమ్ము. మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు. "గోడ చుట్టూ తిరిగి ఒక చోటు పట్టాను సుబ్బులూ! అక్కణ్ణుంచి రాట్నం పై సగం కనిపిస్తోంది. మీ పెట్టె పైకొచ్చినప్పుడల్లా ఎర్రచీర కనిపించింది. కింది సగాన్ని గోడ మింగేసింది. నువ్వు చెప్పు. బెల్టా, గొలుసా?"

"బెల్టు" అన్నాను.

"వెడల్పు?"

"జానెడు."

"ఇంజను?"

"ఎడమ పక్క." ఒక అబద్ధం గడప దాటితే వెనక ఎన్ని వచ్చినా బరువనిపించదని అప్పుడే తెలిసింది. "భేష్! నేననుకుంటూనే ఉన్నా" అని నా వీపు తట్టాడు. ఆ దెబ్బ ఇంకా నా వీపు మీద ఉంది. తర్వాత అమ్మ వైపు తిరిగి, కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు. "అంత దూరం నుంచి మొహం తెలియలేదు. నవ్వావా, ఏడ్చావా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం తెచ్చుకుంది. "నవ్వెక్కడిదండీ? కళ్ళు మూసుకునే కూర్చున్నా. మీరు లేకుండా నాకేం సరదా?" ఆయన్ని బయట నిలబెట్టి తను నవ్వానని ఎలా చెప్తుంది పాపం.

నాన్న నా వంక చూశాడు. "అవునా సుబ్బులూ?" నోరు తెరిస్తే బెల్టు సంగతి కూడా బయటపడుతుందని నా భయం. అవునని తలూపాను. నాన్న, "సరేలే" అన్నాడు. రోడ్డు పక్క రైలుస్టేషను గోడ నీడలో కూర్చుని పులిహోర తిన్నాం. నాన్న ఎందుకో సగమే తిన్నాడు.

ఆ తర్వాత జనాల రోజు కథ బత్తాయిల కథని మించిపోయింది. చుట్టాలొస్తే అమ్మ చెప్పేది, రాజు గేటు మనిషిలా నటించేవాడు, నాన్న నుదురు కొట్టుకుని తన వంతు తను చేసేవాడు. నేనూ నవ్వాను. పెళ్ళయ్యాక మా అత్తవారింట్లో కూడా చెప్పి నవ్వించాను. నలభై ఏళ్ళు నవ్వాం ఆయన్ని చూసి.

అమ్మ పోయిన మూడేళ్ళకి నాన్నా పోయాడు. పదకొండో రోజున మల్లమ్మత్త వచ్చింది, నడుం వంగిపోయి, మనవడి భుజం పట్టుకుని. నేను పక్కన కూర్చుని, ఆమెని నవ్విద్దామని ఆ జనాల రోజు సంగతే ఎత్తాను. ఆమె నవ్వలేదు.

"తప్పెందుకింటడు బిడ్డా? జనానా అంటె ఆడోళ్ళకేనని నేను ఒకటికి రెండు మాట్ల చెప్పిన. మంచిగనే ఇన్నడు. ‘గట్లయితె నా టిక్కెటు పైసలు మిగుల్తయక్కా, అమ్మ అద్దాలకు పోయినయి ఎల్లిపోతయి’ అన్నడు. ఇంకోటి గూడ అన్నడు. ‘మా ఆమె ఈ ఊరికొచ్చి పదకొండేండ్లాయె, నోరు తెరిచి నవ్వంగ నేను సూడలే. మొగోళ్ళు లేని జాగల అన్న నవ్వుతదేమో’ అన్నడు. ఎవ్వలకు చెప్పద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. ఇగ మనిషే పాయె, ఒట్టెక్కడిది?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ చేతిరుమాలు ముడి. గేటు దగ్గర కట్టిన ముడి కాదది. ఇంటి దగ్గరే కట్టినది. లోపల నలుగురికి సరిపడా ఉంది, అయిదో మనిషికి లేదు. లెక్కల టీచర్ని, నలభై ఏళ్ళు ఆ లెక్క నాకు తట్టలేదు. అంత పెద్ద చక్రాన్ని దగ్గర నుంచి చూడాలన్న తన కోరికని ఖర్చు తగ్గింపు కింద రాసేసి, నా మీద పూచీ పెట్టి నిలబడ్డాడు ఆయన. నేను జానెడు బెల్టు చెప్పాను.

రిసార్టులో ఆ మీట నొక్కే మనిషి మాట తప్పలేదు, రౌండు అయ్యాక వచ్చాడు. "బెల్టు గిట్ల ఏం లేదు మేడం. గా రబ్బరు టైర్లు సూడుండ్రి, అంచుకు ఒత్తుకొని అవ్వే తిప్పుతయి. మా తాత కాలంల ఇనుప తాడుతోని తిప్పెటోళ్ళంట" అన్నాడు. బెల్టూ కాదు, గొలుసూ కాదు. ఆ నాటిది ఏమిటో ఇక ఎవరూ చెప్పలేరు. మేమూ ఎక్కాం. పైనుంచి నారపల్లి వైపు చేలన్నీ తెల్లరాళ్ళు పాతిన ప్లాట్లుగా కనిపించాయి. కిందికి జారేటప్పుడు మా కోడలు, మనవరాలు గొంతులు చించుకుని అరిచారు, నవ్వారు. వరసలో ఒక్కరైనా తల తిప్పి చూడలేదు. ఆడవాళ్ళు నవ్వడానికి ఇప్పుడు వేరే రోజు అక్కర్లేదు. ఇడ్లీ ధర ఎంత మండిపోయినా ఈ ఒక్క సంగతికి నేను మా కోడలి కాలాన్నే మెచ్చుకుంటాను.

తిరిగొస్తూ నాచారంలో రాజు ఫ్లాటు దగ్గర ఆపించి, నాన్న పనిముట్ల పెట్టె అడిగాను. ఇన్నాళ్ళూ అడగలేదు, ధైర్యం లేక. స్పానర్ల కింద, నూనె మరకలతో, నాలుగు మడతల పాత క్యాలెండరు కాగితం ఉంది. దాని వెనక పెన్సిలుతో గీసిన పెద్ద రాట్నం. కింద ఎడమ పక్క ఇంజను, జానెడు బెల్టు, కొలతలతో సహా. పక్కన నాన్న గుండ్రటి అక్షరాలు: "పై సగం నేను చూసినది. కింది సగం సుబ్బులు చూసినది." పై పెట్టెలో ఎర్ర పెన్సిలుతో చీర. ఆ చీర మీద గుండ్రంగా ఒక మొహం. బొట్టు పెట్టాడు, కళ్ళు పెట్టాడు. నోరు మాత్రం పెట్టలేదు. ఆ చోట చాలాసార్లు గీసి చెరిపినట్టు కాగితం పల్చబడి ఉంది.

రాజుని పెన్సిలడిగాను. వాడు ఎందుకే అక్కా అన్నాడు. కాగితం చిరిగిపోకుండా మెల్లిగా, ఊపిరి బిగపట్టి, ఆ పల్చటి చోట అమ్మ నోరు గీశాను. అంతా తెరిచి ఉన్న నోరు, వంకర పక్కపన్నుతో సహా.